ఊదుగొట్టం నుంచి గ్యాస్ టార్చి దాకా

ఫ్రిజ్ బాగుచేసే మెకానిక్‌ను మీరు ఎప్పుడైనా గమనించారా? చేతిలో ఇమిడే టార్చి వెలిగించి, నీలిమంటతో రాగి గొట్టాన్ని ఎర్రగా కాల్చి, కడ్డీ కరిగించి క్షణాల్లో అతుకు వేస్తాడు. అదే వీధిలో కంసాలి దుకాణం ఉంటే, అక్కడ ఇత్తడి ఊదుగొట్టంతో దీపపు మంటను నగ మీదికి మళ్లించే పనివాడు కనిపిస్తాడు. ఈ రెండు పనిముట్లదీ ఒకే వంశం. మధ్యలో సుమారు నాలుగు వేల ఏళ్ల దూరం ఉంది. ఈ పాఠంలో ఆ దూరాన్ని నడిచి చూద్దాం. ఇది లోహాల చరిత్రే అయినా, చివరికి మనం తాగే నీటి దగ్గరకు చేరుకుంటాం.

ముందుగా ఒక ప్రశ్న. మంటను ఎందుకు ఊదాలి? దీపపు మంటకు గాలి చాలదు. అందుకే అది పసుపుగా, మసి కక్కుతూ, వెడల్పుగా మండుతుంది. సన్నని గొట్టంతో గాలి ఊదితే మంట సూదిలా సన్నబడి, వేడి అంతా ఒక బిందువు మీద పడుతుంది. ఈ కిటుకు ప్రాచీనులకు బాగా తెలుసు. ఈజిప్టులో సక్కారా సమాధుల గోడల మీద, మూసల చుట్టూ కూర్చుని గొట్టాలతో నిప్పును ఊదుతున్న లోహకారుల బొమ్మలున్నాయి. థీబ్స్‌లో రెఖ్‌మిరే అనే మంత్రి సమాధిలో కూడా, ఒక చేత్తో పటకారు, మరో చేత్తో ఊదుగొట్టం పట్టుకున్న పనివాడిని చిత్రించారు. అది క్రీస్తు పూర్వం 15వ శతాబ్దం నాటిది. మన దేశంలో రసశాస్త్ర గ్రంథాలు ‘వంకనాళం’ అనే వంపు గొట్టాన్ని పేర్కొంటాయి. కంసాలి చేతిలోని ఊదుగొట్టం కొస కూడా వంపు తిరిగే ఉంటుంది.

అయితే మంట ఒక్కటే చాలదు. వేడెక్కిన లోహం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన పొర కడుతుంది. ఆ పొర మీద టంకం అంటదు, బంతిలా గుండ్రమై జారిపోతుంది. ఆ పొరను కరిగించి, మళ్లీ కట్టకుండా కాపాడేదే వెలిగారం. దీని సంస్కృత నామం టంకణం. హిమాలయాల ఆవలి టిబెట్ సరస్సుల నుంచి, లడఖ్‌లోని పుగా లోయ నుంచి ఇది గొర్రెల, మేకల వీపుల మీద కొండలు దాటి వచ్చేది. వ్యాపారంతో పాటు మాట కూడా ప్రయాణించింది. టంకణమనే పదమే పారశీకం మీదుగా వెళ్లి ఐరోపా భాషలలో ‘టింకాల్’ అయింది.

అతుకులో రెండు రకాలున్నాయని ఇక్కడ గుర్తుంచుకోండి. కంసాలి వాడే టంకం బంగారం, వెండి, రాగి కలిసినది. దానికి ఎర్రటి వేడి కావాలి. ‘బిందెలకు, బకెట్లకు మాట్లు వేస్తాం’ అని కేకవేస్తూ వీధుల్లో తిరిగినవారు వాడింది తగరం, సీసం కలిసిన మెత్తని టంకం. శుద్ధమైన తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతాయి. తగినపాళ్లలో కలిపితే రెండింటి కంటే తక్కువగా, 183 డిగ్రీలకే కరుగుతాయి. చవకైన సీసం కలిపితే పని కూడా తేలికవుతుంది. చిక్కంతా ఇక్కడే మొదలైంది.

సీసాన్ని లాటిన్‌లో ‘ప్లంబమ్’ అంటారు. రోమన్లు నగరాలలో సీసపు గొట్టాలతో నీరు పారించారు. ఆ పని చేసినవాడి పేరు నుంచే నేటి ‘ప్లంబర్’ వచ్చాడు. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలోనే విట్రూవియస్ అనే వాస్తుశిల్పి, సీసపు పని చేసేవారి పాలిపోయిన ముఖాలు చూసి, తాగునీటికి మట్టి గొట్టాలే మేలని రాశాడు. ఆ మాటను ప్రపంచం పూర్తిగా వినడానికి రెండు వేల ఏళ్లు పట్టింది.

ఇక స్వీడన్‌కు వెళదాం. నికెల్‌ను 1751లో కనుగొన్న క్రాన్‌స్టెట్, ఖనిజాల పరీక్షలో ఊదుగొట్టాన్ని విరివిగా వాడినవాడు. అదే దేశంలో కార్ల్ రిచర్డ్ నైబర్గ్ 1882లో బ్లో లాంప్ తయారీ ప్రారంభించాడు. ఇందులో మనిషి ఊపిరితో పనిలేదు. తొట్టిలోని ఇంధనం మంట వేడికే ఆవిరై, సన్నని రంధ్రం గుండా దూసుకొచ్చి మండుతుంది. పదేళ్ల తరువాత వచ్చిన ప్రైమస్ స్టవ్వుదీ ఇదే సూత్రం. మన ఇళ్లలో వాడిన కిరోసిన్ పంపు స్టవ్వు దాని సంతానమే. వెలిగించే ముందు కప్పులో స్పిరిట్ పోసి బర్నరును వేడిచేయడం మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బ్లో లాంప్‌కూ ఆ తతంగం తప్పలేదు.

ఆ తతంగాన్ని తప్పించింది ప్రొపేన్. అమెరికన్ రసాయనశాస్త్రవేత్త వాల్టర్ స్నెల్లింగ్ 1910 ప్రాంతంలో, పెట్రోలు నుంచి ఎగిరిపోతున్న వాయువులలో ప్రొపేన్ ఉందని గుర్తించి, దాన్ని వేరుచేసి నిల్వచేసే మార్గం చూపాడు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీలకే మరుగుతుంది. అంటే మామూలు గదిలో సీసా లోపల తనంతట తానే ఆవిరై, వాతావరణ పీడనానికి సుమారు ఎనిమిది రెట్ల ఒత్తిడితో ఉంటుంది. పంపు కొట్టనక్కరలేదు, ముందుగా కాల్చనక్కరలేదు. కవాటం తిప్పితే చాలు, గ్యాస్ ధార పక్క రంధ్రాల గుండా గాలిని తానే లాక్కుంటుంది. వేల ఏళ్లు మనిషి బుగ్గలు చేసిన పని అది. మన దేశంలో వంటగ్యాస్ 1955లో ముంబైలో మొదలైంది. అందులో ప్రొపేన్‌తో పాటు బ్యూటేన్ కూడా ఉంటుంది.

పాశ్చాత్య దేశాల ఇళ్లలో రాగి పైపులు వ్యాపించాక ఈ టార్చి ప్లంబర్‌కు కుడిచేయి అయింది. పని చూడటానికి సులభం. పైపు కొసను తళతళలాడేలా రుద్ది, ఫ్లక్స్ పూసి, ఫిట్టింగులో దూర్చాలి. మంటను టంకం తీగకు కాదు, ఫిట్టింగుకు చూపించాలి. తగినంత వేడెక్కాక మంటకు ఎదురువైపున తీగను తాకిస్తే, టంకం కరిగి సన్నని సందులోకి తానే పాకుతుంది. పైపు నిలువుగా ఉన్నా పైకే ఎక్కుతుంది. మీరు భౌతికశాస్త్రంలో చదివిన కేశనాళికీయత ఇదే. పైపులో చుక్క నీరున్నా మాత్రం అతుకు పడదు. ఆ నీరు ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది, లోహం టంకం కరిగే వేడికి చేరదు. పాత ప్లంబర్లు రొట్టె ముక్క కుక్కి నీటిని ఆపేవారు. పని అయ్యాక అది నానిపోయి కుళాయిలోంచి కొట్టుకుపోయేది!

చేతిలో ఇమిడిందని ఈ మంటను చిన్నచూపు చూడకూడదు. ఇంగ్లండులోని అప్‌పార్క్ అనే 17వ శతాబ్దపు భవనం 1989 ఆగస్టు 30న, పైకప్పు సీసపు రేకులకు మరమ్మతు చేస్తున్నవారి టార్చి వల్లే అంటుకుంది. మరమ్మతు ముగింపు దశలో ఉండగా పైఅంతస్తు మొత్తం కాలిపోయింది. భవనాన్ని తిరిగి తెరవడానికి 1995 దాకా పట్టింది. మరో సంగతి, ప్రొపేన్ గాలి కంటే బరువైనది. కారితే పైకి పోదు, నేలమీదే పరుచుకుంటుంది.

కంటికి కనిపించని ప్రమాదం అతుకులోని సీసం. అమెరికా 1986లో చట్టం సవరించి, తాగునీటి పైపుల టంకంలో సీసం 0.2 శాతం మించకూడదన్నది. దాంతో ప్లంబర్లు తగరంలో ఆంటిమొనీ, రాగి, వెండి కలిపిన టంకాలకు మారారు. వాటికి ఎక్కువ వేడి కావాలి, టార్చి పనితనమూ ఎక్కువే కావాలి. అయితే గోడలలోని పాత అతుకులను చట్టం మార్చలేదు కదా! మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం 2014 ఏప్రిల్‌లో నీటి వనరును మార్చి, పైపులు తినేయకుండా కలపవలసిన రసాయనాన్ని కలపలేదు. పైపుల లోపలి రక్షక పొర చెదిరి, ప్రధానంగా పాత సీసపు గొట్టాల నుంచి, కొంత అతుకుల నుంచి సీసం నీటిలో కలిసింది. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం ఎంత కొద్దిగా అయినా చేటే.

మన దేశంలో ఇంటి కుళాయిలకు రాగి పైపుల వాడకం తక్కువ. మరచుట్ల ఇనుప పైపులు, ఆ తరువాత జిగురుతో అతికే ప్లాస్టిక్ పైపులు వచ్చాయి. మంటే అక్కరలేదు కనుక సీసం బెడద లేదనుకుంటాం. కానీ పీవీసీ తయారీలో వేడికి ప్లాస్టిక్ చెడకుండా సీసపు లవణాలు కలిపేవారు. వాటిని తొలగించడానికి కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2021లో నియమాలు తెచ్చింది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు.