కైమెరా

రోగనిరోధక టి-కణాలను మార్చి క్యాన్సర్ మీదికి పంపే కార్-టి (CAR-T) చికిత్స పేరులో మొదటి అక్షరం ‘కైమెరిక్’ అనే మాటది. గ్రీకులో ఖిమైరా అంటే ఆడమేక. సింహం ముందు, మేక నడుమ, పాము వెనక కలిసిన రాక్షసికీ అదే పేరు. మన శరభానికి దూరపు చుట్టం అనుకోవచ్చు. 1989లో ఇజ్రాయెల్‌లో జెలిగ్ ఎష్‌హార్ బృందం శత్రువును గుర్తుపట్టే యాంటీబాడీ కొసను, దాడికి పురమాయించే టి-కణపు ప్రోటీన్‌కు అతికించింది. ఈ అతుకుల గ్రాహకానికి ఇంతకన్నా తగిన పేరు దొరకదు.

అయితే ఈ గ్రాహకం అమర్చిన టి-కణాలు మితిమీరి రెచ్చిపోతే తీవ్ర జ్వరం, రక్తపోటు పతనం ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే 2015లో కాలిఫోర్నియాలో వెండెల్ లిమ్ బృందం ఆ గ్రాహకాన్ని రెండు ముక్కలుగా తయారుచేసింది. చిన్న మందు అణువు అందితేనే ముక్కలు కలిసి సంకేతం పుడుతుంది. చంపే శక్తికన్నా ఈ పగ్గమే గొప్పదని నా నమ్మకం. మందు మోతాదును బట్టి దాడి తీవ్రతనూ హెచ్చించవచ్చు, తగ్గించవచ్చు.