గుండె వేగమునకు కళ్ళెము

వైద్యుడు రోగి మణికట్టుపై మూడు వ్రేళ్ళుంచి నాడి చూచుట మన దేశమున ప్రాచీనమైన ఆచారము. వాతనాడి పామువలెను, పిత్తనాడి కప్పవలెను, శ్లేష్మనాడి హంసవలెను నడచునని మన వైద్యశాస్త్రములు వర్ణించినవి. తెలుగు వైద్యులకు చిరకాలము ప్రమాణముగా నిలిచిన బసవరాజీయము నాడీపరీక్షకు మొదటి ప్రకరణముననే చోటిచ్చినది. అయితే ఏ జంతువు నడకకును సరిపోలని నాడి యొకటి కలదు. రెండు దెబ్బలు వెంటవెంటనే వచ్చును, మూడవది ఆలస్యమగును, ఒకటి బలముగను, మరియొకటి బలహీనముగను తగులును, వేరొకటి అసలే తగులదు. ఎంతసేపు లెక్కించినను దానికి తాళము చిక్కదు.

దీని కారణము తెలియవలెనన్నచో గుండె నిర్మాణమును కొంత తెలిసికొనవలెను. గుండెలో నాలుగు గదులున్నవి. పై రెండింటిని కర్ణికలనియు, క్రింది రెండింటిని జఠరికలనియు అందురు. ఆరోగ్యవంతుడు విశ్రాంతిగా ఉన్నప్పుడు కుడి కర్ణికలో పుట్టిన విద్యుత్ప్రేరణ నిమిషమునకు 60 మొదలు 100 పర్యాయములు క్రమముగా దిగివచ్చి గుండెను ముడుచుకొనజేయును. ఈ వ్యాధియందు కర్ణికలు ముడుచుకొనుట మాని, గాలికి రావియాకులవలె వణకుచుండును. అందలి ప్రేరణలు నిమిషమునకు 350 మొదలు 600 వరకుండును. వైద్యులు దీనిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. తెలుగున కర్ణికాకంపనము అనవచ్చును. పై గదులకును క్రింది గదులకును నడుమ ద్వారపాలకునివంటి చిన్న కణుపు ఒకటి ఉండుటచేత ఆ ప్రేరణలన్నియు జఠరికలను చేరవు. అయినను మందు పడని రోగి గుండె నిమిషమునకు 120 మొదలు 170 సార్లు కొట్టుకొనుట సామాన్యము. అంత వేగమున గుండె నిండుటకు వ్యవధి చాలదు. నిండని గుండె ఎంత కొట్టుకొనినను నెత్తురు చాలినంత సాగదు. రోగికి ఆయాసము వచ్చును, కాళ్ళు వాచును. కొందరిలో ఈ కంపనము వచ్చి పోవుచుండును; కొందరిలో స్థిరపడిపోవును. అట్లు స్థిరపడినవారి గుండె వేగమును అదుపున నుంచుటకు వైద్యులు రెండు శతాబ్దములకు పైగా నేర్చిన విద్యయొక్క కథయే ఇది.

ఈ కథ ఇంగ్లండులో ఒక వృద్ధురాలి ఇంటి వైద్యముతో మొదలైనది. ష్రాప్‌షైర్ సీమకు చెందిన ఆమె, నీరుపట్టిన రోగులకు రహస్యముగా ఒక కషాయ మిచ్చుచుండెను. పెద్ద వైద్యులు వదలిన రోగులు సయితము దానివలన కొన్ని వేళల కోలుకొనుచుండిరి. 1775లో ఆ యోగమును గూర్చి విలియం విదరింగ్ అను వైద్యుని అభిప్రాయ మడిగిరి. అతడు వృక్షశాస్త్రమునందును పండితుడు. ఇరువదికి పైబడిన మూలికలలో పనిచేయునది ఫాక్స్‌గ్లవ్ అను మొక్క ఆకే అని అతడు గుర్తించెను. దాని శాస్త్రనామము డిజిటాలిస్. బర్మింగ్‌హామ్ నగరమున పదియేండ్లు ఆ మందు నిచ్చి, ఫలించినవానిని, ఫలింపనివానిని కూడ దాచక వ్రాసి, 1785లో గ్రంథముగా ప్రకటించెను. మూత్రపిండములు, కడుపు, నాడి, ప్రేగులు - ఈ నాలుగింటిలో దేనిపై మందు పనిచేసిన గుర్తు కనబడినను వెంటనే ఆపవలెనని అతడు విధించిన నియమము. హద్దు మీరినచో వాంతులు, చూపున పసుపుపచ్చని ఛాయలు, మితిమీరి మందగించు నాడి, తుదకు మరణము కలుగునని అతడు హెచ్చరించెను.

డిజిటాలిస్ మన మైదానములలో పెరుగు మొక్క కాదు. కాని దాని సారమునకు దగ్గరి చుట్టమైన పదార్థము మన దొడ్లలోని గన్నేరునందును, పచ్చగన్నేరునందును కలదు. ఆ చెట్లు ప్రాణము తీయునని పల్లెలలో పసివారికిని తెలియును. ఈ జాతిలో మందునకును విషమునకును నడుమ నున్న గట్టు ఎంత సన్ననిదో దీనివలన ఊహింపవచ్చును.

విదరింగ్ తన మందును ప్రధానముగా నీరుపట్టుటకు వాడెను. అది గుండె నడకపై అధికారము చూపునని అతడు గ్రహించెను గాని, కొందరికి అమృతమై కొందరికి నిష్ఫలమగుటకు కారణము అతనికి చిక్కలేదు. ఆ చిక్కు విడుటకు నూరేండ్లకు పైగా పట్టెను.

విప్పిన వారిలో ప్రథముడు జేమ్స్ మెకెంజీ. అతడు గొప్ప ఆచార్యపీఠమున నున్నవాడు కాడు. బర్న్‌లీ అను మిల్లుల పట్టణములో కార్మిక కుటుంబములకు మందిచ్చు సామాన్య వైద్యుడు. మణికట్టు నాడిని, మెడ సిర కదలికను ఒకే కాగితముపై గీయు యంత్రమును అతడు రూపొందించెను. దానిని మెరుగుపరచుటకు స్థానికుడైన ఒక గడియారముల పనివాడు తోడ్పడెను. కీళ్ళజ్వరమువలన గుండె కవాటము ఇరుకైన ఒక స్త్రీని అతడు అనేక సంవత్సరములు కనిపెట్టి చూచెను. ఒకనాడు ఆమె నాడి క్రమము తప్పెను. అదే సమయమున మెడ సిరలో కర్ణిక కలిగించు అల మాయమయ్యెను. కర్ణిక స్తంభించినదని అతడు భావించెను. డిజిటాలిస్ అత్యంత స్పష్టముగా పనిచేయుట ఇట్టి అస్తవ్యస్తమైన నాడిగల రోగులయందే అని కూడ గమనించెను.

అది స్తంభనము కాదు, కంపనమని రుజువగుటకు వేరొక యంత్రము కావలసివచ్చెను. హాలండు దేశీయుడైన ఐంటోవెన్ నిర్మించిన తీగ గాల్వనామీటరు గుండె విద్యుత్తును చిత్రించెను. ఆ సాధనము లండనులో థామస్ లూయిస్ చేతికి వచ్చెను. 1909లో లండనున అతడును, వియన్నాలో రాత్‌బెర్గర్, వింటర్‌బెర్గ్ అనువారును మానవుని అక్రమనాడికి కర్ణికాకంపనమే మూలమని నిరూపించిరి. అప్పటితో విదరింగ్ మందు మర్మము తెలిసెను. అది కంపనమును ఆపదు. నడుమనున్న ద్వారపాలకుని కఠినుని చేసి, తక్కువ ప్రేరణలను క్రిందికి పోనిచ్చును. కర్ణికలు వణకుచునే యుండును. జఠరికలు మాత్రము నింపాదిగా నిండి నెత్తురును పంపును. కవాటము ఇరుకైనవారికి ఈ వ్యవధి మరింత విలువైనది. ఇరుకు దారిన నెత్తురు దిగుటకు ఎక్కువ కాలము పట్టును గదా. కీళ్ళజ్వరపు గుండెజబ్బు నేటికిని తొలగని మన దేశమునకు ఈ మాట ముఖ్యమైనది.

వేగమును కొలుచుటయందును క్రొత్త జాగ్రత్త ఏర్పడెను. ఒకరు స్టెతస్కోపుతో గుండెను, మరియొకరు వ్రేళ్ళతో నాడిని ఏకకాలమున లెక్కింతురు. గుండె 130 కొట్టుకొనగా నాడి 90 మాత్రమే తగులవచ్చును. తక్కిన 40 దెబ్బలు మణికట్టు చేరని వృథాప్రయాస. అందుచేత ఈ రోగమున నాడి నొక్కదానిని నమ్మరాదు.

వేగమును తగ్గించుటతో తృప్తిపడనేల, క్రమమునే మరల తేరాదా అను ప్రశ్న సహజము. వెంకెబాక్ అను వైద్యునికడకు తూర్పు దీవులలో వర్తకము చేసిన డచ్చి రోగి యొకడు వచ్చి, మరునాటికి తన నాడిని తానే సరిచేసికొని వత్తునని చెప్పి, అట్లే చేసెను. మలేరియాకు మ్రింగు క్వినైనే అతని రహస్యము. 1914లో వెంకెబాక్ దీనిని ప్రకటించెను. 1918లో ఫ్రే అను వైద్యుడు క్వినిడిన్ ఇంకను మేలని చూపెను. 1962లో లౌన్ అను అమెరికను వైద్యుడు విద్యుదాఘాతముతో క్రమమును తెచ్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. కాని పలువురిలో కంపనము మరల వచ్చుచుండెను. మందులు కొన్ని వేళల ప్రాణాపాయమును తెచ్చుచుండెను.

ఇంతలో వేగమును తగ్గించు సాధనములును పెరిగెను. 1930లో సిడ్నీ స్మిత్ డిజిటాలిస్ జాతి ఆకునుండి డిగాక్సిన్ అను శుద్ధపదార్థమును వేరుచేసెను; ఆకుపొడికి బదులు ఖచ్చితమైన మోతాదు సాధ్యమయ్యెను. అయితే అది విశ్రాంతిలో పనిచేయునంతగా నడకలో, పనిపాటలలో పనిచేయదు. ఆ లోటును 1960వ దశాబ్దమున జేమ్స్ బ్లాక్ సృష్టించిన ప్రొప్రనొలాల్, దాని తరువాతి బీటా నిరోధకములు తీర్చినవి. వెరపామిల్, డిల్టియజెమ్ అనునవియు చేరినవి. గుండె కండరము బలహీనపడినవారికి ఈ రెండును తగవు. ఏ మందునకును లొంగనివారికి, 1982 మొదలుకొని, కణుపును కాథెటరుతో నిర్మూలించి పేస్‌మేకరు అమర్చు మార్గము ఏర్పడెను.

క్రమము మేలా, వేగనియంత్రణము మేలా అను వివాదమును 2002లో ఒక పెద్ద పరిశోధన పరీక్షించెను. అఫర్మ్ అను ఆ పరిశోధనయందు 4060 మంది పాల్గొనిరి. క్రమమునకై మందులు వాడినవారు ఎక్కువ కాలము జీవింపలేదు. వేగమును ఎంతవరకు తగ్గించవలెనను ప్రశ్నకు 2010లో హాలండు వైద్యులు 614 మందిపై సమాధానము వెదకిరి. కొందరికి విశ్రాంతివేగము 110 లోపు చాలునని విడిచిరి. తక్కినవారిని 80 లోపునకు తెచ్చిరి. మూడేండ్లలో తీవ్ర ఉపద్రవములు మొదటివారిలో నూటికి 12.9, రెండవవారిలో 14.9. లక్ష్యమును చేరుటకు మొదటి వర్గము వైద్యుని చూచినది మొత్తము 75 పర్యాయములు; రెండవ వర్గము 684. సడలింపు హాని చేయలేదు. అయినను ఆయాసము తగ్గనివారికి, గుండె బలము క్షీణించువారికి ఇంకను తగ్గింపవలసియుండును. వ్యాధి తొలి సంవత్సరముననే గుర్తింపబడినచో క్రమమును తెచ్చు యత్నము మేలుచేయునని 2020లో మరియొక పరిశోధన తెలిపినది. స్థిరపడిన కంపనమున మాత్రము వేగనియంత్రణమే ప్రధానము.

అదే 2020లో విదరింగ్ వైద్యము చేసిన బర్మింగ్‌హామ్ నగరముననే 160 మంది వృద్ధులపై జరిగిన పరిశోధన, తక్కువ మోతాదు డిగాక్సిన్ బీటా నిరోధకమునకు తీసిపోదని చూపినది. 235 ఏండ్ల పిమ్మటను ఆ ఆకు సారము కొలువు మానలేదు. దానిని కనిపెట్టినవాడు విధించిన జాగ్రత్తయు చెల్లిపోలేదు. డిగాక్సిన్‌ను వెడలించునవి ప్రధానముగా మూత్రపిండములు. వయసుతో అవి మందగించును గనుక, వృద్ధునికి ఆకలి చచ్చినను, వాంతులు మొదలైనను, నాడి మరీ నెమ్మదించినను ఇంటివారు వెంటనే వైద్యునికి తెలుపవలెను.

మరియొక మాట మరువరాదు. వేగము తగ్గినను కర్ణికల వణకు నిలువదు. అందు నిలిచిన నెత్తురు గడ్డకట్టి మెదడునకు పోయినచో పక్షవాతము వచ్చును. అఫర్మ్ పరిశోధనయందు పక్షవాతము వచ్చినవారిలో పెక్కుమంది నెత్తురు గడ్డకట్టనీయని మందును మానినవారో, చాలినంత పడనివారో. నాడి నెమ్మదించి, ఆయాసము తగ్గి, ఒళ్ళు తేలికపడిన రోజుననే మందు ఇక అక్కరలేదని తోచును. ఆ రోజున కూడ వైద్యుడు చెప్పిన మందును చెప్పిన మోతాదున తీసికొనుటయే రోగి చేయవలసిన పని.