ఏ దేశం ఇష్టమని అడిగితే

"అవకాశం వస్తే ఏ దేశంలో బతకాలని ఉంది?" రచయిత్రులం నలుగురం కలిస్తే ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అర్ధరాత్రి ఒంటరిగా నడవొచ్చని ఒకరు నార్వే అంటారు. సిమోన్ ద బోవా తిరిగిన వీధుల కోసం ఇంకొకరు పారిస్ అంటారు. ఈ ఆట నాకూ సరదాయే. కానీ ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు ఊళ్లలో ఇదే ప్రశ్న అడిగితే నేను ఎక్కువగా విన్న జవాబు కువైట్. అక్కడ అది ఆట కాదు.

ఎందుకు కువైటే అని ఒకామెను అడిగాను. "మగోడికి ఈసా కొనాల. మనకు ఊరికే వస్తాది గదమ్మా" అంది. గల్ఫ్ వలస అర్థశాస్త్రమంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. ఇంటిపనికి వెళ్లే స్త్రీ ఖర్చు తరచూ అక్కడి యజమానే ఏజెంటుకు చెల్లిస్తాడు. మగవాడు మాత్రం వీసా కోసం అప్పు చేయాలి. అందుకే ఇంట్లో ఎవరు వెళ్లాలన్న లెక్క తేలేటప్పుడు వేలు భార్య వైపు తిరుగుతుంది. దాన్ని ఆమె ఎంపిక అనాలా, ఇంటి ఎంపిక అనాలా? 1990ల్లో వరి మళ్లు రొయ్యల గుంటలయ్యాక ఈ తీరంలో నాట్లు, కలుపుతీతలు తగ్గిపోయాయి. ఆ పనులు చేసేది ఆడవాళ్లే. తీరాన్ని ఆనుకున్న రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పిచ్చింది. ఆ తీర్పుతో పోయిన కూలి తిరిగి రాలేదు.

ఈ సముద్రం ఆడవాళ్లను తీసుకుపోవడం కువైట్‌తో మొదలు కాలేదు. పులికాట్‌లో 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్న డచ్చివాళ్లు కరువు రోజుల్లో అమ్ముడుపోయిన మనుషుల్ని ఓడలకెక్కించి బటావియాకు పంపారు. వాళ్లను ఏ దేశం ఇష్టమని అడిగినవాళ్లు లేరు. 1860లో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ నాటాల్‌కు బయలుదేరేనాటికి మాత్రం ఒప్పందం అనే మాట వచ్చింది. ఆ ఓడల జాబితాలు చదవడం నాకు అలవాటు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, ఇలా అన్నిటికీ గడులున్నాయి. ఎందుకు వెళ్తున్నావన్న గడి లేదు. నూరుమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లు ఉండాలన్నది నిబంధన. ఆ సంఖ్య నిండేదాకా ఓడ కదలకూడదు కాబట్టి ఆడమనిషిని వెతకడం ఏజెంట్లకు ఒక పనయింది. తీరా అక్కడికి చేరాక మగవాడికి నెలకు పది షిల్లింగులిస్తే ఆమెకు అందులో సగం. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోదామనుకుంటే 1895 చట్టం ప్రకారం ఏటా మూడు పౌన్ల పన్ను, అదీ ఆడవాళ్లకు సైతం. కూలి సగమిచ్చిన సర్కారుకు పన్ను దగ్గర మాత్రం సమానత్వం గుర్తొచ్చింది!

సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే మద్రాసు నుంచి ఇంకో తెలుగావిడ సముద్రం దాటింది. పోతం జానకమ్మ రాఘవయ్య 1873లో ఇంగ్లండు వెళ్లి, చూసినదంతా రాసింది. 1876లో ఆ పుస్తకం ఇంగ్లిషులో వచ్చింది. 1874లో, కొన్నాళ్లు ఆగిన నాటాల్ కూలీల ఓడలు మళ్లీ మొదలయ్యాయి. రేవు ఒకటే. ఒకరి ప్రయాణం సాహిత్య చరిత్రలోకి ఎక్కింది, మిగతావాళ్లది ఒంటి గుర్తుల గడిలోకి. జానకమ్మను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆమె కాలానికి అది పెద్ద సాహసం. కానీ స్త్రీల యాత్రా సాహిత్యం గురించి రాసేటప్పుడు ఆ రెండో ఓడ మనకు కనిపించకపోవడం నన్ను బాధిస్తుంది.

ఇవాళ్టి సర్కారు కూడా ఆడమనిషిని ముందు లెక్కలోనే చూస్తుంది. పది పాసు కాని స్త్రీ ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే ముప్పై ఏళ్లు నిండాలని మన ప్రభుత్వం షరతు పెట్టింది. రక్షణ కోసమే అన్నారు. దాంతో పాస్‌పోర్టులో వయసు పెంచడం, విజిటింగ్ వీసా మీద దాటించడం ఏజెంట్లకు ఆదాయమైంది. దొడ్డిదారిన వెళ్లినామె ఆపదలో పడితే ఫిర్యాదు చేయడానికీ జంకుతుంది. రక్షణ పేరుతో కదలికను కట్టేస్తే ఏమవుతుందో మనకు కొత్తగా చెప్పాలా?

కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం చట్టం చేసింది. వారానికో సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు. మరుసటేడు కనీస జీతం అరవై దినార్లన్నారు. కాగితం మీద బాగానే ఉంది. అయితే అకామా కఫీల్ చేతిలో ఉన్నంతకాలం ఆ హక్కుల్ని వంటింట్లో నిలబడి అడగడం ఎట్లా? నేను మాట్లాడినామె రెండు విడతలుగా ఏడేళ్లు ఉండి వచ్చింది. కువైట్ ఎట్లా ఉంటుందంటే, "నాకేం తెల్సు? నేను చూసింది రెండిండ్లు" అంది. మొదటి ఇంట్లో ఫోను పెట్టెలో పెట్టి తాళం వేశారట. రెండో ఇంట్లో శుక్రవారాలు బయటికి పంపారట. ఆమె దృష్టిలో అవి రెండు వేరువేరు దేశాలు.

మళ్లీ వెళ్లాలనుందా అన్నాను. ఆమె చాలాసేపు లెక్కలు చెప్పింది, కూతురి నర్సింగ్ ఫీజు, చీటీ, సగంలో ఆగిన ఇంటి స్లాబు. తర్వాత తనే అడిగింది: "సింగపూరులో వారానికి ఒకరోజు లీవంట, నిజమేనా మేడమ్?" నిజమే. 2013 నుంచి అక్కడ అది చట్టం. ఏ దేశమో ఎంచుకోవడానికి ఆమె చూస్తున్న కొలతలు మా కబుర్లలోని కొలతల కంటే చాలా కచ్చితమైనవి.

సింగపూర్‌లో ఇంటిపనికి ఎనిమిదేళ్ల బడి చదువు రుజువు చూపాలి. ఈమె చదివింది ఐదు.