కాస్తెల్లి: ఒక సైకిల్ దుస్తుల సంస్థ చరిత్ర

కాస్తెల్లి ఇటలీకి చెందిన సైకిల్ దుస్తుల సంస్థ. తేలు బొమ్మ దాని గుర్తు. పందేల్లో వేసుకునే జెర్సీలు, బిగుతు నిక్కర్లు, వానకోట్లు, చేతి తొడుగులు, మేజోళ్లు, టోపీలు, బూట్ల పైతొడుగులు తయారు చేస్తుంది. ఆ పేరుతో బ్రాండు పుట్టింది 1974లో. సంస్థ మాత్రం తన పుట్టుకను 1876 నుంచి, అంటే విత్తోరె జాన్ని అనే దర్జీ మిలాన్ నగరంలో కుట్టు దుకాణం తెరిచిన ఏడాది నుంచి లెక్కవేసుకుంటుంది.

ఈ చరిత్రను యజమానుల వరుసగా చెప్పుకుంటే సగమే తెలుస్తుంది. ఉన్ని తర్వాత పట్టు, లైక్రా, ఆపైన పాలిస్టర్ వచ్చాయి. పోగు మారిన ప్రతిసారీ సంస్థ రూపం మారింది. ఇటలీ సంస్థ గురించిన ఈ వ్యాసంలో సూరత్ జిల్లా జోల్వా గ్రామం కనిపించడానికి కారణం అదే. నేటి సైకిల్ జెర్సీకి ఆధారమైన పాలిస్టర్ పోగు పుట్టే చోట్లలో జోల్వా ఒకటి.

మిలాన్ దర్జీ

విత్తోరె జాన్ని ఆటగాళ్లకూ నాట్యకారులకూ బట్టలు కుట్టేవాడు. మిలాన్ బ్యాలే బృందం, ఏసీ మిలాన్, యువెంటస్ ఫుట్‌బాల్ జట్లు అతని ఖాతాదారులని సంస్థ చెప్పుకుంటుంది. ఒంటికి అతుక్కుని, కదలికకు అడ్డు రాని బట్టే వీరందరికీ ఉమ్మడి అవసరం. 20వ శతాబ్దం తొలి దశకాల్లో సైకిల్ పందేలు ఇటలీలో జనాదరణ పొందాయి. 1909లో జీరో ద ఇతాలియా పందెం మొదలైంది. జాన్ని దుకాణం సైక్లిస్టులకూ కుట్టసాగింది. జీరోను 5 సార్లు గెలిచిన అల్ఫ్రెదో బిందా వేసుకున్నవి ఈ దుకాణం బట్టలే.

1935లో అర్మాందో కాస్తెల్లి అక్కడ పనికి చేరాడు. 1939లో దుకాణాన్ని కొనేశాడు. జీనో బర్తాలి, ఫౌస్తో కొప్పి అనే ఇద్దరు మహా సైక్లిస్టులకు అతను బట్టలు సమకూర్చాడు. ఇటలీ ఆ రోజుల్లో బర్తాలి అభిమానులుగా, కొప్పి అభిమానులుగా రెండుగా చీలి వాదులాడుకునేది. ఇద్దరి బట్టలూ ఒకే దర్జీ చేతి మీదుగా వెళ్లాయి.

ఉన్ని కాలం, పట్టు ప్రయత్నం

అప్పటి జెర్సీలు ఉన్నితో అల్లినవి. చలికి ఉన్ని మేలే. వాన పడితే మాత్రం నీళ్లు తాగి బరువెక్కి సాగిపోయేది. రొట్టె ముక్కలు, పళ్లు పెట్టుకున్న వీపు జేబులు కిందికి వేలాడేవి. నిక్కరు లోపల జీను తగిలే చోట మేక చర్మం ముక్క కుట్టేవారు. ఉతికి ఆరేస్తే అది అట్టలా గట్టిపడేది. మెత్తబరచడానికి కొవ్వు, క్రీము రాసుకోవాలి. రోజుకు 7, 8 గంటలు జీను మీదే ఉండే మనిషికి ఆ ముక్క గట్టిగా ఉంటే తొడలు ఒరుసుకుని పుండ్లు పడతాయి. పెద్ద పందేల్లో గాలికీ కొండకూ ఓడనివాళ్లు ఎందరో ఈ పుండ్లకు ఓడి దిగిపోయారు. నిక్కరు ఎప్పుడూ నల్లగా ఉండేది. గొలుసు నూనె మరకలు, తోలు జీను రంగు నలుపులో కలిసిపోతాయి గనుక అదే రివాజై, తర్వాత పందేల నియమంగా కూడా స్థిరపడింది.

కొప్పి కోసం అర్మాందో పట్టు జెర్సీ కుట్టాడు. ఉన్నికన్నా తేలిక, గాలిలో తక్కువగా రెపరెపలాడుతుంది. సంస్థ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే మలుపు ఇది. చలి, ఎండల నుంచి కాపాడటమే బట్ట పని అనుకునే రోజుల్లో, బట్ట వేగాన్ని పెంచగలదని ఒక దర్జీ గుర్తించాడు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో చదును నేల మీద పోయే సైక్లిస్టు బలంలో అధిక భాగం గాలిని తోయడానికే ఖర్చవుతుందని నేడు అందరికీ తెలుసు. కాస్తెల్లి తర్వాత చేసిన పనుల్లో చాలా వరకు ఆ ఆలోచనను పొడిగించినవే.

తేలు గుర్తు, లైక్రా

1974లో అర్మాందో కుమారుడు మౌరిత్సియో ఇంటిపేరుతో కొత్త బ్రాండును, తేలు గుర్తును తెచ్చాడు. తానే సైకిల్ తొక్కేవాడు, బట్ట ఎక్కడ గుచ్చుకుంటుందో ఒంటితో తెలిసినవాడు. అప్పటికి అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ 1958లో కనిపెట్టిన సాగే పోగు లైక్రా పేరుతో మార్కెట్లో ఉంది. తన పొడవుకు అయిదారు రెట్లు సాగి తిరిగి యథాస్థితికి వస్తుంది. మొదట ఆడవారి లోదుస్తుల్లో రబ్బరుకు బదులుగా వాడారు. తరువాత ఈత దుస్తులకూ మంచు మీద జారే ఆటలకూ పాకింది.

1977లో కాస్తెల్లి లైక్రా నిక్కరు తెచ్చింది. స్విట్జర్లాండులో టోనీ మాయర్ స్థాపించిన ఆసోస్ సంస్థ, 1976లోనే తాము తెచ్చామని చెప్పుకుంటుంది. ఎవరు ముందన్నది అలా ఉంచితే, కొద్ది ఏళ్లలోనే ఉన్ని నిక్కరు కనుమరుగైంది. లైక్రా వానకు బరువెక్కదు, ముడతలు పడదు, లోపలి మెత్తను కదలనివ్వదు. మేక చర్మం స్థానంలోకి కృత్రిమ మెత్తలు వచ్చి, క్రీము డబ్బా పని తగ్గింది.

నలుపు నియమాన్ని కూడా మౌరిత్సియో కదిపాడు. 1979లో నెమలికంఠం రంగుకు దగ్గరగా ఉండే నీలి నిక్కర్లను పందెంలోకి దింపితే కలకలం రేగింది. తర్వాతి కాలంలో రంగుల నిక్కర్లకు దారి తెరుచుకుంది.

అద్దకం మారింది, పోగు మారింది

1954లో ఇటలీ సైక్లిస్టు ఫియొరెంజో మాన్యి తన జట్టుకు నివియా క్రీము కంపెనీని పోషక సంస్థగా తెచ్చాడు. అంతకు ముందు జెర్సీ మీద సైకిల్ కంపెనీల పేర్లే ఎక్కువ. ఆ తర్వాత ఐస్‌క్రీములు, ఫ్రిజ్‌లు, వంటింటి సామాన్లు, బ్యాంకులు అన్నీ జెర్సీ మీదికి ఎక్కాయి. పేర్లను దారంతో కుట్టడం, నూగు అచ్చు వేయడం అప్పటి పద్ధతులు. పోషకుల సంఖ్య పెరిగేసరికి ఇవి సరిపోలేదు.

1981లో కాస్తెల్లి జెర్సీలకు సబ్లిమేషన్ ముద్రణ మొదలుపెట్టింది. ముందు కాగితం మీద బొమ్మ అచ్చువేస్తారు. దాన్ని బట్ట మీద పరిచి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో నొక్కుతారు. రంగు ఆవిరై పోగులోకి చొరబడుతుంది. పైపొరలా నిలవదు కాబట్టి చెమటకు రాలదు, ఉతికితే వెలిసిపోదు, గాలి ఆడటానికి అడ్డం రాదు. ఒక్క షరతు: బట్ట పాలిస్టర్ అయి ఉండాలి. నూలుకూ ఉన్నికీ ఆ రంగు పట్టదు. సైకిల్ జెర్సీ పాలిస్టర్‌గా స్థిరపడటానికి తేలికదనం, త్వరగా ఆరడం ఎంత కారణమో, పోషకుల పేర్లు స్పష్టంగా పడాలన్న అవసరమూ అంతే కారణం.

జోల్వా

పాలిస్టర్ పోగును 1941లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఈ పోగుకు నేడు భారతదేశంలో అతి పెద్ద కేంద్రాల్లో సూరత్ ఒకటి. ఆ జిల్లా పల్సానా తాలూకాలో కడోదరా దగ్గర జోల్వా ఉంది. తెలుగు ఇళ్లలో ఒకప్పుడు మోజుగా కొనుక్కున్న గార్డెన్ చీరల కంపెనీ, గార్డెన్ సిల్క్ మిల్స్, ఇక్కడే పాలిస్టర్ చిప్స్, పోగు తయారీ కర్మాగారం నెలకొల్పింది. చీరల నేత, ముద్రణకు పొరుగునే ఉన్న వరేలీ పేరు తెచ్చుకుంటే, జోల్వా వాటికి ముడిసరుకు చేసే చోటైంది. అప్పుల ఊబిలో పడి దివాలా ప్రక్రియకు వెళ్లిన ఆ కంపెనీని 2021లో చటర్జీ గ్రూపుకు చెందిన ఎంసీపీఐ తీసుకుంది. ఎంసీపీఐ పశ్చిమ బెంగాల్లోని హల్దియాలో పాలిస్టర్‌కు మూలమైన పీటీఏ అనే తెల్లని పొడిని తయారు చేస్తుంది.

ఆ పొడిని గ్లైకాల్‌తో కలిపి వేడిచేస్తే పాలిస్టర్ అవుతుంది. దాన్ని బియ్యపు గింజల్లాంటి చిప్స్‌గా కోస్తారు. చిప్స్‌ను దాదాపు 280 డిగ్రీల దగ్గర కరిగించి, సన్నని రంధ్రాల పళ్లెం గుండా తోస్తే పోగులు దిగుతాయి. సగం సాగదీసిన ఈ పోగును సూరత్ బజారులో పీవోవై అంటారు. దాన్ని మళ్లీ వేడిచేసి, మెలిపెట్టి, ఉంగరాలు తిప్పితే టెక్స్చరైజ్డ్ దారం. ఆ ఉంగరాల మధ్య గాలి నిలుస్తుంది, చెమట పైకి పాకుతుంది. చీరకు ఈ దారాన్ని మగ్గం మీద నేస్తారు, జెర్సీకి హోజరీ యంత్రం మీద అల్లుతారు. దారం మాత్రం ఒకే జాతి. కాగితం నుంచి బట్టకు వేడితో రంగు దింపే ముద్రణ నేడు సూరత్ చీరల్లోనూ విరివిగా జరుగుతోంది.

ఈ పోగుతో తెలుగువారికి దగ్గరి సంబంధం ఉంది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి పద్మశాలీ కుటుంబాలు తరాలుగా సూరత్ వెళ్లి మరమగ్గాల మీద బతుకుతున్నాయి. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలుగు బాగా వినిపిస్తుంది. సూరత్ నగర పాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. సిరిసిల్ల మరమగ్గాల మీద నడిచేదీ ఎక్కువగా పాలిస్టరే. 2023లో హైదరాబాదులో బాహ్యవలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల మేర సోలార్ పైకప్పు సైకిల్ బాట తెరిచాక, రంగురంగుల జెర్సీల్లో తెల్లవారుజామున తొక్కేవారు అక్కడ నిత్యం కనిపిస్తున్నారు. ఆ జెర్సీల వెనక నేతన్నల శ్రమ ఉన్న పోగు పరిశ్రమ ఒకటుందని గుర్తుచేయడం ఇలాంటి వ్యాసం బాధ్యత అని నేను నమ్ముతాను. బ్రాండ్ల చరిత్రలు కుట్టినచోటుతో మొదలై అమ్మినచోటుతో ముగుస్తాయి. దారం పుట్టినచోటుకు వాటిలో చోటు దొరకదు.

మౌరిత్సియో తరువాత

1995లో మౌరిత్సియో కాస్తెల్లి, మిలాన్–సాన్ రెమో పందెంతో ప్రసిద్ధికెక్కిన సిప్రెస్సా కొండ మీద సైకిల్ తొక్కుతూ గుండెపోటుతో మరణించాడు. ఆ తర్వాత బ్రాండు ఈశాన్య ఇటలీలో ఫొన్‌జాసో పట్టణానికి చెందిన మనిఫత్తూరా వల్చిస్మోన్ సంస్థ చేతికి వచ్చింది. క్రెమొనేసే కుటుంబం నడిపే ఈ సంస్థ 1946లో మొదలైంది. స్పోర్ట్‌ఫుల్ అనే మరో దుస్తుల బ్రాండూ వారిదే.

2009లో సెర్వేలో టెస్ట్‌టీమ్ అనే సైకిల్ జట్టుతో కాస్తెల్లి మళ్లీ అగ్రశ్రేణి పందేల్లో బలంగా నిలిచింది. ఆ జట్టులోని నార్వే సైక్లిస్టు గాబ్రియెల్ రాష్, వానలో కోటు వేసుకుంటే ఉక్క, విప్పితే చలి అని చెప్పి, గాలినీ చినుకునూ ఆపే పొట్టిచేతుల బిగుతు జెర్సీ కావాలని అడిగాడు. అతని ముద్దుపేరు మీదే దానికి గాబా అని పేరు పెట్టారు. 2013 మార్చి 17న మిలాన్–సాన్ రెమో పందెం మంచువానలో చిక్కుకుంది. తుర్కీనో కనుమ మూసుకుపోయి, సైక్లిస్టులను కొంత దూరం బస్సుల్లో తరలించాల్సి వచ్చింది. వేరే కంపెనీలతో ఒప్పందాలున్న జట్లవాళ్లు కూడా నల్లని గాబాలు కొనుక్కుని, తేలు గుర్తును మార్కరు సిరాతో కప్పేసుకుని తొక్కారు. ఏ ప్రకటనకూ దక్కని గౌరవం సంస్థకు ఆ రోజు దక్కింది.

2012లో సైక్లిస్టు రైడర్ హెష్‌డాల్ జీరో గెలిచినప్పుడు ఒంటి మీద ఉన్న జట్టు దుస్తులు కాస్తెల్లివి. 2017లో టీమ్ స్కై అనే జట్టు ఈ సంస్థతో చేరింది. ఆ ఏడాది జులై 1న జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ తొలి రోజున, భుజాల మీద చిన్న బుడిపెలున్న ఒంటి బిగుతు దుస్తులతో ఆ జట్టు సైక్లిస్టు గెరైంట్ థామస్ గెలిచాడు. ఆ బుడిపెలు గాలి ప్రవాహాన్ని ఒంటికి అంటిపెట్టి ఈడ్పును తగ్గిస్తాయని, అది నియమ విరుద్ధమని ప్రత్యర్థి జట్టు అభ్యంతరం చెప్పింది. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం తోసిపుచ్చింది. 2018లో జీరో ద ఇతాలియాలో ముందంజలో ఉన్నవారు వేసుకునే గులాబీ జెర్సీ తయారీ కాస్తెల్లికి వచ్చింది. అదే ఏడాది టీమ్ స్కై సైక్లిస్టులు క్రిస్ ఫ్రూమ్ జీరోను, థామస్ టూర్‌ను గెలిచారు. 2022లో క్విక్‌స్టెప్ జట్టుకు మారిన సంస్థ దుస్తుల్లో రెమ్కో ఎవెనెపూల్ స్పెయిన్ పందెం వుయెల్టా గెలిచాడు.

ఇప్పటి జెర్సీలో పాలిస్టర్, లైక్రా విడదీయలేనంతగా కలిసి అల్లుకుని ఉంటాయి. సాగే గుణానికి ఆ కలయికే ఆధారం. పాతబడిన జెర్సీని కరిగించి కొత్త పోగు తీయడానికి అడ్డంకి కూడా అదే. వాన నీరు జారిపోవడానికి వేసే ఫ్లోరిన్ రసాయనాల పూతల మీద ఐరోపాలో ఆంక్షలు బిగుస్తున్నాయి. వాటికి బదులు పూతల కోసం వానజెర్సీలు చేసే కంపెనీలన్నీ వెతుకుతున్నాయి.