కరెంటు ట్రాలీ కొంటే గిట్టుద్దా? అచ్చంపేట లెక్క

అచ్చంపేటలో మోటార్లు వైండింగ్ చేసేవాళ్లకి, వెల్డింగు షాపులోళ్లకి, ప్లంబర్లకి, సెంట్రింగు మేస్త్రీలకి, టెంట్ హౌసులోళ్లకి బండంటే సోకు కాదు, పనిముట్టు. పానా ఎట్టాగో ఇదీ అట్టాగే. ఇప్పుడు ఫోన్ తెరిస్తే కరెంటు ట్రాలీ ప్రకటనలే. పెట్రోలు బంకు మొహం చూడక్కర్లేదంటే ఎవరికైనా ఆశ పుట్టుద్ది. ఆ ఆశని కిలోమీటర్ల లెక్కలో పెట్టి చూద్దాం.

టాటా ఏస్ మనోళ్లకి 2005 నుంచి తెలిసిన బండి. దానికి కరెంటు రూపం 2022లో వచ్చింది. 2024లో మహీంద్రా జియో దిగింది, ధర ఏడున్నర లక్షల నుంచి మొదలు. 2025 జూన్‌లో టాటావాళ్లు ఏస్ ప్రో తెచ్చారు. మన లెక్కకి ఇదే బాగా పనికొస్తది, ఎందుకంటే ఒకటే బండి పెట్రోల్లోనూ ఉంది, కరెంటులోనూ ఉంది. విడుదలప్పుడు షోరూం ధర పెట్రోలుది 3.99 లక్షలు, కరెంటుది 6.50 లక్షలు. రెండూ 750 కిలోలు మోస్తాయి. అంటే తేడా రెండున్నర లక్షలు. ఆ తర్వాత సెప్టెంబరు 22న పెట్రోలు, డీజిలు సరుకు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కరెంటు బండికి ముందునుంచీ 5 శాతమే, దానికి కొత్తగా కలిసొచ్చిందేం లేదు. ఆ పన్ను తగ్గింపు లెక్కేస్తే తేడా 2.80 లక్షల దాకా పోయింది. ఈ సంగతి ప్రకటనల్లో చెప్పరు.

ఇప్పుడు రోడ్డు మీద ఖర్చు. కరెంటు ఏస్ ప్రోకి బ్యాటరీ 14.4 యూనిట్లు. కాయితం మీద 155 కిలోమీటర్లు. లోడేసుకుని మన రోడ్ల మీద తిరిగితే నూరు అనుకోండి. చార్జింగులో పోయేది కలిపి నూరు కిలోమీటర్లకి 16 యూనిట్లు కాలుద్ది. యూనిట్ 9.75 వేసుకున్నా కిలోమీటరుకి 1.60 లోపే. పెట్రోలు బండి లోడు మీద లీటరుకి 16 ఇచ్చిందనుకుందాం, లీటరు 110 అయితే కిలోమీటరుకి 6.90. మిగిలేది 5.30.

చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది గదా. అయితే మీరు నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారు?

మోటారు మెకానిక్కుని తీసుకోండి. ఒకరోజు చామర్రు, ఒకరోజు తాడువాయి, రెండు రోజులు షాపులోనే. నెలకి 20 రోజులు, రోజుకి 25 కిలోమీటర్లు. ఏడాదికి 6,000. మిగిలేది 31,800. మరి ఎక్కువ పెట్టిన 2.80 లక్షలు ఫైనాన్సు కాడ తెస్తే, 12 శాతం వడ్డీ అనుకున్నా మొదటి ఏడాదిలోనే సుమారు 30 వేలు వడ్డీకే పోద్ది. పెట్రోలు మీద మిగిలింది మొత్తం ఫైనాన్సోడికి ఇచ్చి చేతులు దులుపుకోవడమే. ఇలాంటోడికి కరెంటు బండి గిట్టదు, ఎంత మంచిదైనా గిట్టదు.

అదే వాటర్ ప్లాంటు డబ్బాలు వేసేవాడు, గ్యాస్ బండలు వేసేవాడు, కిరాణా కొట్లకి సరుకు దించేవాడు అయితే రోజుకి 80, నెలకి 25 రోజులు. ఏడాదికి 24,000 కిలోమీటర్లు, లక్షా ఇరవై ఏడు వేల మిగులు. వడ్డీ పోను రెండున్నర, మూడేళ్లలో తేడా తీరిపోద్ది, ఆపైన తిరిగిందంతా లాభం. పైగా వీళ్లు రోజూ పోయే దారి ఒకటే, రాత్రికి బండి ఇంటికే వస్తది.

యూనిట్ 9.75 ఎందుకేశానంటే, ఇంటి మీటరుకి తగిలిస్తే శ్లాబు మారుద్ది. నెలకి 2,000 కిలోమీటర్లంటే 320 యూనిట్లు. ఇంట్లో 150 కాలుతుంటే మొత్తం 470. నాలుగొందలు దాటిన యూనిట్లకి పై రేటు, దాని మీద ట్రూఅప్ చార్జీలు. ఈవీ చార్జింగుకి విడిగా 6.70 రేటు ఉంది, మీటరు సంగతి సీపీడీసీఎల్ ఆఫీసులో అడిగి కనుక్కోండి. చేలో ఉచిత కరెంటుకి తగిలిద్దామనే తెలివితేటలు వద్దు, కేసు అవుద్ది.

ఇంకో చిక్కు దూరం. గుంటూరు మిర్చి యార్డుకి పోయి రావాలంటే నూరు కిలోమీటర్లు దాటుద్ది. సీజన్లో యార్డు కిరాయిలే మీ సంపాదన అయితే, మధ్యలో చార్జింగు పెట్టుకుని కూర్చుంటే ఆ రోజు రెండో కిరాయి పోయినట్టే. బయట చార్జింగు రేటు ఇంటికంటే బాగా ఎక్కువ కూడా.

ఎండ సంగతి పల్నాటోళ్లకి చెప్పేదేముంది, రెంటచింతల మన జిల్లాలోనే ఉంది. మధ్యాన్నం ఎండలో తిరిగొచ్చి వెంటనే చార్జింగు పెడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుద్ది. నీడన ఆపి, చల్లారాక రాత్రికి పెట్టుకోవాలి. రేకుల షెడ్డు కూడా లేనోళ్లు ముందు ఆ ఖర్చు కలుపుకోండి. పాత ఏస్ ఆగిపోతే ఊళ్లో మెకానిక్కు లేపుతాడు. కరెంటుది ఆగితే పట్నం షోరూముకి మోయించాల్సిందే, అన్ని రోజులూ పని బందు. పాత డీజిలు ట్రాలీ ఎన్నేళ్లయినా ఎవరో ఒకరు బేరమాడతారు, కరెంటు బండికి ఆ సెకండ్ హ్యాండ్ బజారు ఇంకా తయారుకాలేదు.

ఆస్ట్రేలియాలో మేస్త్రీలు వాడే ఇలాంటి బండిని యూట్ అంటారు. 2022లో అక్కడ ఎల్‌డీవీ ఈటీ60 అనే కరెంటు యూట్ దిగితే ధర 93 వేల డాలర్ల దాకా పెట్టారు, అదే కంపెనీ డీజిలు యూట్ దాంట్లో సగానికే వచ్చేది. అక్కడి వడ్రంగులూ ఈ లెక్కే వేసుకుని వెనక్కి తగ్గారు. దాంతో పోలిస్తే మన తేడా చిన్నదే.

తక్కువ తిరిగేవాళ్లకి మూడు చక్రాల కరెంటు ఆటో ట్రాలీ, అంటే మహీంద్రా ట్రియో జోర్ లాంటిది, కొంచెం అందుబాటులో ఉంటది. అర టన్ను దాకా మోస్తది. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఇ-డ్రైవ్ సబ్సిడీ పెట్టింది కూడా ఈ మూడు చక్రాలోళ్లకే, నాలుగు చక్రాల చిన్న ట్రాలీలకి కాదు. ఏ కరెంటు బండికైనా పర్మిట్ అక్కర్లేదన్నది 2018 నుంచి ఉన్న సౌకర్యం.

అడ్వాన్సు కట్టే ముందు ఒక నెల పాటు పొద్దున, సాయంత్రం మీటరు రీడింగు పుస్తకంలో రాసుకోండి. 1,000 లోపు వస్తే పెట్రోలు బండో, పాత బండో చూసుకోండి. 2,000 దగ్గరకొస్తే షోరూముకి పోయి బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, ఏ కారణానికి చెల్లదు అన్నది నోటి మాటగా కాకుండా కాయితం మీద రాయించుకోండి.