గాజు బుడగ సాక్ష్యం

కిల్న్‌లో గాజు పలకలు కలిపి కరిగించేవాళ్లను వేధించేవి రెండు: బుడగ, పలచబడిన చోటు. చాలాసార్లు ఈ రెండూ ఒకటే. పలకల మధ్యో, అడుగునో చిక్కిన గాలి, గాజు మెత్తబడగానే పైకి ఉబుకుతుంది. దాని మీది పొర సాగి పలచనై, చివరికి చిట్లుతుంది. అందుకే 620–680 డిగ్రీల సెల్సియస్ మధ్య అరగంటో గంటో ఆపి, పై పలక తన బరువుతోనే గాలిని అంచుల్లోంచి తరిమేశాక 800 దాకా తీసుకెళ్తారు. మందం కూడా చూసుకోవాలి. బాగా కరిగిన గాజు 6 మిల్లీమీటర్ల మందం దగ్గర సర్దుకుంటుంది. 3 మిల్లీమీటర్ల పలకను ఒంటరిగా పెడితే అంచులు లోపలికి ముడుచుకుని నడుమ పలచనవుతుంది. ఈ పనిలో బుడగ ఒక శత్రువు. తెలుగు నేల గాజు చరిత్రకు మాత్రం అది సాక్షి.

హైదరాబాద్ నుంచి పటాన్‌చెరు దాటి వెళ్తే సంగారెడ్డి జిల్లా కొండాపూర్ వస్తుంది (హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని కొండాపూర్ వేరు). 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ అక్కడ తవ్వించిన శాతవాహనుల నాటి పట్నంలో దొరికిన పూసల మీద ఎం.జి. దీక్షిత్ 1952లో పుస్తకమే రాశారు. పాత గాజు పూస ఎలా తయారైందో తేల్చడానికి భూతద్దంలో మొదట చూసేది బుడగల్నే. అవి రంధ్రం వెంట పొడవుగా సాగి ఉంటే, గాజును గొట్టంగా లాగి తునకలు చేశారన్నమాట. రంధ్రం చుట్టూ తిరిగి ఉంటే, కడ్డీకి చుట్టారన్నమాట. లాగే పద్ధతి శ్రీకాళహస్తి దగ్గరి పాపానాయుడుపేటలో ఇటీవలి దాకా బతికింది. పీటర్ ఫ్రాన్సిస్ వంటి పరిశోధకులు దాన్ని నమోదు చేశారు. బోలు ఇనుప గొట్టం చివర గాజు ముద్దను పేర్చి, లోపలి నుంచి పొడవాటి కడ్డీతో పొడిచి గాలికి దారి చేసేవారు. ఎదుటి వైపు కొండీతో అంచు పట్టి, సన్నటి గొట్టంగా గంటల తరబడి లాగుతూనే ఉండేవారు. దాన్ని తునకలుగా నరికి, బూడిదతో కలిపి వేడి చేస్తే పదునంచులు గుండ్రబడతాయి. ఇక్కడ లోపలి గాలి దారే పూసకు రంధ్రం, పలచబడటమే పని!

పాత పూసల్లోని చిన్న బుడగలు మాత్రం కొలిమి చాలక మిగిలిన లోపాలే కదా అనవచ్చు. నిజమే. అల్యూమినా ఎక్కువున్న మన పాత గాజు చిక్కనిది, నాటి కొలిమి వేడికి బుడగలు పైకి తేలి పోలేవు. కానీ బుడగ ఎందుకు మిగిలిందన్నది ఒక ప్రశ్న, ఏ వైపు సాగిందన్నది మరొకటి. మొదటిది కొలిమి వేడిని చెబుతుంది, రెండోది చేతి కదలికను. పలకల నడుమ చిక్కిన గాలినీ, ముద్దలోని గాలినీ ఒకే గాటన కట్టకూడదన్న అభ్యంతరం ఇంకాస్త గట్టిది. పుట్టుక వేరే, ఒప్పుకోవాలి. అయినా మెత్తబడ్డ గాజు ఎటు కదిలితే బుడగ అటే సాగుతుంది, పలకలోనైనా పూసలోనైనా. ఫ్యాక్టరీ సీసాల్లో మాత్రం బుడగ ఈ సాక్ష్యం చెప్పదు. హైదరాబాద్ బోరబండలో 1970ల నుంచి నడిచిన సీసాల ఫ్యాక్టరీ లాంటి చోట్ల గాజు దాదాపు 1,500 డిగ్రీల్లో కాగుతుంది గనుక బుడగలు చాలావరకు పోతాయి. మిగిలినవీ, పలచటి గోడలవీ తనిఖీలో పక్కకు పోయి మళ్లీ కొలిమిలో పడతాయి. అలాంటి సీసా తయారీ పద్ధతి తెలియాలంటే బుడగను వదిలేసి, రెండు పక్కలా నిలువుగా ఉండే అచ్చు అతుకు గీతను చూడాలి.