ఉప్పందితే చాలా?

1956 సెప్టెంబరు. అమెరికాలోని డెన్వర్‌లో ఒక ఫెడరల్ నార్కోటిక్స్ ఏజెంటుకు అతని ఇన్‌ఫార్మర్ ఉప్పందించాడు: జేమ్స్ డ్రేపర్ అనేవాడు షికాగో వెళ్లాడు, మూడు ఔన్సుల హెరాయిన్‌తో 8నో 9నో పొద్దున రైల్లో దిగుతాడు అని. ఆనవాళ్లూ చెప్పాడు. 27 ఏళ్ల నల్లజాతి మనిషి, లేత చామనఛాయ, 5 అడుగుల 8 అంగుళాల ఎత్తు, లేతరంగు రెయిన్‌కోటు, గోధుమరంగు ప్యాంటు, నల్లబూట్లు, చేతిలో జిప్పు బ్యాగు. నడక మహా వేగం.

8న యూనియన్ స్టేషన్లో మాటువేస్తే ఎవరూ తగల్లేదు. 9న షికాగో రైలు దిగి, అచ్చం అదే వేషంలో ఒకతను గబగబా బయటి దారి పట్టాడు. పట్టుకున్నారు. కోటు జేబులో పెట్టిన ఎడమచేతి గుప్పిట్లో రెండు కవర్ల హెరాయిన్, బ్యాగులో సిరంజి. వారంటు మాత్రం లేదు. ఉప్పందించినవాడు నాలుగు రోజులకే చనిపోయాడు కాబట్టి సాక్ష్యానికీ రాలేదు.

ఎవడో చెప్పిన మాట మీద చేసిన అరెస్టు చెల్లదని డ్రేపర్ వాదించాడు. 1959లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నేరం రుజువు కావడం వేరు, అరెస్టుకు తగిన కారణం ఉండటం వేరని జస్టిస్ విటేకర్ రాశారు. చెప్పినవన్నీ కళ్లెదుట సరిపోయినప్పుడు, మిగిలిన ఒక్కటీ నిజమేనని ఏజెంటు నమ్మడంలో తప్పేముంది? ఆరుగురు అటు, జస్టిస్ డగ్లస్ ఒక్కరే ఇటు.

నా మొగ్గు డగ్లస్ వైపే. సరిపోయినవేమిటి? కోటు, బూట్లు, నడక. రెయిన్‌కోటు వేసుకుని వడివడిగా నడవడం ఎక్కడా నేరం కాదు. అసలు నేరమైన హెరాయిన్ సంగతి జేబు తడిమేదాకా ఎవరూ సరిచూడలేదు. ఎవడు ఏ బట్టల్లో వస్తాడో ముందే చెప్పగలవాడికి లోగుట్టు తెలిసే ఉంటుందనుకోవడం సహజమే. కానీ ఆ మాత్రం పగవాడికీ తెలుస్తుంది.

ఈ మెలిక విప్పడానికే కోర్టుకు నాలుగు దశాబ్దాలు పట్టింది. 1964లో అగిలార్ కేసులో రెండు ప్రశ్నలు పెట్టింది: ఇన్‌ఫార్మర్‌కు ఆ సంగతి ఎలా తెలిసింది? అతన్ని ఎందుకు నమ్మాలి? 1967లో మెక్‌క్రే కేసులో, అరెస్టుకు తగిన కారణముందా అని తేల్చే విచారణలో పోలీసులు ఇన్‌ఫార్మర్ పేరు బయటపెట్టనక్కర్లేదంది. అదీ 5-4 తేడాతో. అంటే ప్రశ్నలున్నాయి, జవాబు చెప్పాల్సినవాడు మాత్రం తెరచాటునే ఉంటాడు. 1983లో గేట్స్ కేసులో జస్టిస్ రెన్‌క్విస్ట్ ఆ రెండు ప్రశ్నల చట్రాన్నే వదిలేసి, పరిస్థితులన్నీ కలిపి చూస్తే చాలన్నారు. పోలీసులు సమాచారాన్ని సరిచూసుకోవడానికి మేలైన ఉదాహరణగా ఆయన చూపించింది డ్రేపర్ కేసునే! వాషింగ్టన్, న్యూయార్క్ రాష్ట్రాల కోర్టులు మాత్రం తమ రాజ్యాంగాల కింద పాత ప్రశ్నలనే పట్టుకుని ఉన్నాయి.

2000లో మయామీ నుంచి మరో కేసు వచ్చింది. బస్టాపులో గళ్ల చొక్కా కుర్రాడి దగ్గర తుపాకీ ఉందని ఎవరో పేరు చెప్పకుండా ఫోన్ చేశారు. గళ్ల చొక్కా కనిపించింది, తడిమితే తుపాకీ దొరికింది. అయినా ఆ సోదా చెల్లదని తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా తేల్చారు. మనిషిని గుర్తుపట్టేలా చెబితే చాలదు, నేరం సంగతిలోనూ ఆ కబురు నమ్మదగ్గదై ఉండాలన్నారు. డగ్లస్ పట్టుబట్టినదానికి ఇది చాలా దగ్గరే. అయినా డ్రేపర్ తీర్పు చెక్కుచెదరలేదు: అక్కడ ఉప్పందించినవాడెవరో ఏజెంటుకు తెలుసు, అబద్ధమైతే వెళ్లి నిలదీయడానికి ఒక మనిషి ఉన్నాడు.